కసువు

బెల్లం మండీలో తూకం వేసే చేతులు నావి.
ఎంత తోమినా, నిమ్మచెక్క పెట్టి తోమినా
వేళ్ళ సందుల్లోంచి తీపి పోదు.
నా చెప్పులు వెతుక్కుంటూ చీమలు వస్తాయి
గిరింపేటలో మూడో మేడ దాకా.

ఆ వేళ్ళనే మొదటి రోజు నాకింది అది.
నెలా పదిరోజుల పిల్ల.
మండీలో చిన్న తక్కెట్లో పెడితే
అరకిలోకి ఒక పిడికెడు తక్కువ.
బొరుగుల్లాగా తెల్లగా ఉందని
జోషిత దానికి బొరుగులు అనే పేరు పెట్టింది.

నాకేం తెలుసు?
ముద్దొస్తే తీపి పెట్టాలి, అంతే తెలుసు.
కూలి దొరకని రోజున కూడా మా నాయన
పంచె చెరుగులో బెల్లం ముక్క దాచి తెచ్చేవాడు.
అట్లాగే నేనూ
చిటికెడు బెల్లం,
తోతాపురి చెక్క ఒకటి,
టీలో ముంచని బిస్కెట్టు,
బడి పుస్తకంలో బొమ్మ చూసి కారెట్టు.

మూడోనాడు పొద్దున
అట్టపెట్టెలో ఒక్క పెంటిక లేదు.
కడుపు పలకలా బిగిసి,
మూలకు ఒదిగి,
చెవులు వీపుకు అతికించుకొని
పళ్ళు కొరుకుతోంది, తినడానికి కాదు.
జోషిత ఏడవలేదు. నా వైపు చూసింది.
ఏడ్చినా బాగుండేది.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ మందు చుక్కలు పోసి
ఇంకో బర్రె దగ్గరికి పోయింది.
మునెప్ప కాంపౌండరు మాత్రం
దాని పొట్ట మీద రెండు వేళ్ళు ఆనించి
చాలాసేపు విన్నాడు, వేళ్ళతోనే.
"ఏం పెట్టినావప్పా?"
చెప్పినాను.
ఆయన నా చేతుల వైపు చూశాడు.
నేను జేబుల్లో పెట్టుకున్నాను.

"చెవులపిల్లి పేగు గానిగ మాదిరి. ఆగిందా, పాయె.
దాన్ని నడిపేది చెరుకు కాదు నాయనా, కసువు.
ఎండు కసువు.
పగలూ రేత్రీ దాని మూతి ముందర ఉండాల.
పసిది గదా, చెనిక్కాయ కట్టె కూడా కొంచెం కలుపు, బలం.
నీళ్ళు ఎప్పుడూ ఉండాల.
పచ్చాకు ఇప్పుడే వద్దు. మూడు నెలలు నిండినాక
ఒక్క ఆకు పెట్టి, రెండ్రోజులు చూసి, ఇంకొకటి.
రేత్రిపూట వెనక్కి వంగి మెత్తటి పెంటికలు అదే తింటాది,
ఛీ అని లాగబాకు.
అది దాని రెండో ముద్ద.
మళ్ళా ఒక పూట తినకుంటే
తెల్లారనీలే అనుకోవద్దు, ఎత్తుకొని రా."

మురకంబట్టు దాటినాక ఒక కయ్య గట్టున
వామి వేస్తున్న కన్నెమ్మను అడిగినాను.
"కసువా? ఎన్ని ఆవులుండాయి నీకు?"
"ఒకటే. అరకిలోది."
ఆమె నవ్వి నవ్వి
కొడవలి పక్కన పెట్టి కూర్చుంది.
డబ్బులు తీసుకోలేదు.

ఆ రాత్రి మేం ముగ్గురం పడుకోలేదు.
జోషిత నిద్ర ఆపుకోడానికి ఎక్కాలు చెప్పింది,
పదమూడో ఎక్కం దగ్గర ఓడిపోయి నా తొడమీద వాలింది.
నేను పొట్ట నిమురుతూ,
నా భార్య దూదిపుల్లతో నీళ్ళు తాపుతూ.
మూడు గంటలకు కాబోలు, బస్టాండు వైపు తొలి హారను.
ఆ తర్వాత
చీకట్లో సన్నగా, చాలా సన్నగా
కర్.
కర్ కర్.

ఒక్క గడ్డిపోచ, పొడుగ్గా, కొంచెం కొంచెంగా
మూతిలోకి పోతోంది,
బావిలోకి దిగే చేంతాడు లాగా.

తెల్లారేసరికి పెట్టె మూలన మిరియమంత పెంటిక.
టన్నుల లెక్క చూసేవాణ్ణి,
దాన్ని వేళ్ళతో ఎత్తి వెలుతుర్లో పట్టి చూశాను.
పొడిగా, గుండ్రంగా, కసువు వాసన.
జోషితను లేపితే, కళ్ళు నులుముకొని, "ఒకటి" అంది.
ఇప్పుడు క్యాలెండరులో పాలవాడి లెక్క పక్కనే రాస్తోంది:
ముప్పై ఆరు. తొంభై. నూట నలభై రెండు.

మా వైపు గడ్డీ కసువే, ఊడ్చి పారేసేదీ కసువే.
నా భార్య చీపురు పట్టుకొని
ఇంటి నడుమ నిలబడి విసుక్కుంటుంది:
"ఇందులో ఏ కసువు చిమ్మాల, ఏ కసువు ఉంచాల?"

మండీ నుంచి రాగానే బొరుగులు ఉరికొస్తుంది,
ఇప్పటికీ నా వేళ్ళే వెతుకుతుంది.
నాకూ ఇప్పటికీ ఆశ పుడుతుంది,
ఒక్క పలుకే కదా, చిటికెడే కదా.
చెయ్యి వెనక్కి తీసుకొని
చొక్కా జేబులోంచి ఒక ఎండుపోచ
దాని మూతి ముందు పట్టుకుంటాను.
కాసేపు అలుగుతుంది.
నేనూ అలుగుతాను.
ఆ తర్వాత, కర్.