గుంట

పర్లాకిమిడిలో మా కాలేజీ ఆఫీసు కిటికీలోంచి
మహేంద్రగిరి కనిపించేది ఏడాదికి మూడు నెలలే.
మిగతా రోజులు మబ్బు, లేకపోతే పోడు పొగ.
ఆ కిటికీ పక్క కుర్చీ నాది.
నాదెలా అయిందో తర్వాత చెప్తాను.

ఫిర్యాదుల కమిటీలో ఐదుగురం.
మిగతా నలుగురికీ బజారు తెలుగు వచ్చు, చదవడం రాదు.
అందుకని నన్ను వేశారు.
తెలుగు మాటకి ఎదురుగా ఇంగ్లీషు మాట రాయడం నా పని.

ఫైలు నంబరు పదిహేడు.
తంప మురళీధర్, బియ్యే రెండో ఏడు,
మెళియాపుట్టి నుంచి బస్సులో వస్తాడు.
గోడపత్రిక మీద రాశాడు:
"ఆరు కొట్టకముందే తాళమేసీసినావు గుంటా,
లైబ్రరీ దీపం నీ బాబు సొత్తేటి?"

కొత్త లైబ్రేరియన్ సుచరితా మహాపాత్రో,
కటక్ పిల్ల, ఇరవై ఏడేళ్లు.
వరండాలో కుర్రాళ్లు గట్టిగా చదువుతుంటే
"గుండా" అని వినిపించిందట ఆమెకి.
కాదమ్మా అని ఎవరో అసలు అర్థం చెప్పారు.
అది ఇంకా లోతుగా దిగింది.
సంతకం పెట్టేటప్పుడు ఆమె చెయ్యి వణకడం
నేను చూశాను. అది నటన కాదు.

రథ్ గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ అడిగారు:
"గుంట అంటే తిట్టా మేడమ్, ముద్దా?"
ఫారంలో గళ్లు రెండే.

మా అమ్మ పెరట్లోంచి "ఒలే గుంటా" అని కేకేస్తే
అన్నం వార్చేసిందని అర్థం.
లెక్కల మేష్టారంటే, మళ్లీ తప్పు చేశానని.
తొంభై నాలుగులో హెడ్డుగుమస్తా
నా వెనక నిలబడి టైపు మిషను మీదికి వంగి
"ఏం గుంటా" అన్నాడు.
ఆ మాటకి వేళ్లున్నాయి.

అప్పుడు కమిటీ లేదు, ఫారం లేదు.
కుర్చీ ఎత్తుకెళ్లి కిటికీ పక్కన వేసుకున్నాను.
నా ఫిర్యాదంతా అదే.
దాన్ని ఎవరూ చదవలేదు.

మూడు లిపుల్లో బోర్డు బిగించిన రోజు
కొంగుతో దాని దుమ్ము తుడిచాను.
ఎవరూ తుడవమనలేదు.
కాబట్టి ఈ రూలు చెడ్డదని నా నోట రాదు.
కానీ గోడకి సున్నం కొట్టేశారు.
ఇప్పుడు ఏది అంటించాలన్నా మూడు సంతకాలు.
మొన్న వక్తృత్వ పోటీకి అంశం: చెట్ల వల్ల లాభాలు.
పదకొండు మంది మాట్లాడారు,
చెట్లకి కూడా కోపం రాకుండా.

తొమ్మిదో నంబరు ఫైలు ఇంకా అడుగునే ఉంది.
మార్తా గమాంగ్, ఎమ్మే.
ఆమె ఫోన్లో తిట్లేం లేవు.
గైడు గారి మాట ఒక్కటే, "తిన్నావా?"
రాత్రి పన్నెండున్నరకి. నలభై మూడు సార్లు.
"ఇందులో తప్పు మాటేది?" అన్నారు కమిటీలో.
నా వైపు చూశారు, అనువదించమని.
తిన్నావాకి ఇంగ్లీషు నాకు వచ్చు.
పన్నెండున్నరకి రాదు.

గుంట ఎదురుగా చివరికి ఇలా రాశాను:
ఎవరన్నారు? ఎక్కడ నిలబడి అన్నారు?
"అర్థం అడిగాం మేడమ్, ప్రశ్న కాదు," అన్నారు రథ్ గారు.
ఆ ముక్క కొట్టేశారు. గడి ఖాళీగా వెళ్లింది.

బయట బెంచీ మీద మురళి గోళ్లు కొరుక్కుంటున్నాడు.
క్షమాపణ పత్రం రాసిచ్చేశాడు.
"మరైతే లైబ్రరీ తీస్తారేటండీ రాత్రి?"

ఆ మాట ఎవరూ అడగలేదని అప్పుడు తట్టింది.
సాయంత్రం సుచరితని నేనే అడిగాను, ఆరింటికే ఎందుకని.
క్వార్టర్స్ దారిలో దీపాల్లేవంది.
జూన్ నుంచి ఇచ్చిన నాలుగు అర్జీలూ
తేదీలతో సహా అప్పజెప్పింది.

ఇద్దరూ చీకటి గురించే మాట్లాడారు.
ఇంటికెళ్లే ముందు ఫైలు మళ్లీ తిరగేశాను.
ముప్పై ఆరు పేజీలు.
గుంట అని పంతొమ్మిది చోట్ల ఉంది.
బల్బు అని ఒక్కచోటా లేదు.