ఏ నలుపు?

చీమకుర్తి రాయి నలుపని
బయటోళ్ళకి చూపించడం నా పని.
పలకకి ఒక ఫొటో, ఫొటోకి నలభై రూపాయలు.

మొన్న కొనేవాడు ఫోన్లో అరిచాడు:
"ఏందయ్యా, రాయికి నీలిమందు పూశావా?"

కెమెరాని తిట్టాను. కేబుల్ మార్చాను.
పసుపు కాస్త పెంచి, కాస్త దించి
రాత్రంతా కూర్చున్నా,
పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో తేలని మనిషిలాగా.
నా తెర మీద నలుపే. వాడి తెర మీద నీలం.

ఒంగోలు నుంచి మాల్యాద్రి వచ్చాడు
సంచిలో కొలిచే మిషనుతో.
బల్లిలా దాన్ని తెరకి అతికించి
ఎరుపు, పచ్చ, నీలం ఒక్కోటీ వెలిగించి ఆర్పి
ఆఖర్న నవ్వాడు:
కళ్ళకి హాయని ఎండాకాలంలో నొక్కిన మీట
ఇంకా ఆన్‌లోనే ఉంది.
ఆర్నెల్లుగా పసుపు అద్దంలోంచి చూస్తూ
లేని పసుపుని చంపడానికి
నీలం పోస్తున్నానంట.

సరిచేసిన తెర పరాయి ఇల్లులా ఉంది.
"ఇదే నిజం. నీ కళ్ళే కాస్త ఆగాలి" అన్నాడు.

పొద్దున్నే మళ్ళీ పాలిషింగ్ షెడ్డుకెళ్ళా.
మస్తాన్‌బీ పలక మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించింది.
లోపలి బంగారు పొడి ఒక్కసారి లేచింది.
"తడి నలుపా, పొడి నలుపా?
ఏది తియ్యమన్నారు నిన్ను?"
నాకెవరూ చెప్పలేదు.

ఫొటో అంచున ఆమె చెయ్యి పడింది,
మోచేతి దాకా ఆరిన రాతిబురద,
అచ్చం నా బూడిదరంగు కార్డు.
దాని మీదే నొక్కాను.
రాయి రాయిలా నల్లబడింది.

ఆ తర్వాత, ఎప్పటిలాగే,
చేతిని కత్తిరించి పంపాను.