తుమ్ముల లెక్క

కొత్తపేట కారం మర సత్తిరాజుకి
ఘాటు తూచడానికి ముక్కొక్కటే కాటా.

బ్యాడిగి పోస్తే తుమ్మే రాదు.
"రంగుకేనండి ఇది, పారాణి."
గుంటూరు సన్నానికి రెండు.
తేజాకి ఏడు, ఒక్కోసారి ఎనిమిది,
మర ఆపి, అరుగు మీద చతికిలబడి, మంచినీళ్లు.
మన లంక కాయకి తుమ్ముండదు:
ముందు కళ్లు, తర్వాత చెవులు,
ఆనకెప్పుడో రాత్రి కంచం ముందు
వేళ్ల సందుల్లో మంట.

పట్నంలో మిషన్లు లక్షల్లో అంకె చెబుతాయట.
"లక్ష తుమ్ములు ఎవడు తుమ్ముతాడండీ?" అనేవాడు.

నిరుడు వచ్చిన జ్వరం
పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది.
జల్లెడ మీద ఎర్రపొడి లేస్తున్నా
ఏప్రిల్లో కట్టేసిన కాలవలా
ఆ మొహంలో కదలిక లేదు.

ఇప్పుడు డబ్బాలతో నిలబడ్డ వరసకేసి చూస్తాడు.
అయినవిల్లి వీరవేణి కొంగడ్డం పెట్టుకుంది.
ఒకటి.
రెండు, మూడు.
నాలుగు.
స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉంచి
ఇంకోదానికి ఆగాడు. రాలేదు.

"తేజా అని సన్నం కలిపి అంటగట్టాడండి మీకు,
సగానికి సగం,"
అన్నాడు సత్తిరాజు
పాత అలవాటు కొద్దీ తువ్వాలుతో
పొడి ముక్కు తుడుచుకుంటూ.