ఆరంకెలు

పిండి చేతులతోని ఉన్న.
"అమ్మా, నీ ఫోన్‌కు ఆరంకెలొస్తయ్, చదువు" అన్నడు.
చదివిన.
నాలుగు, నాలుగు, సున్నా, తొమ్మిది, రెండు, ఏడు.
బడిల ఎక్కం అప్పజెప్పినట్టు
గట్టిగ, ఆగాగి, కొంచెం గర్వంగ గూడ చదివిన.
తాళంచెవి నా గొంతులనే ఉన్నదని
నాకెవరు చెప్పాలె?

మూణ్నెల్లకు ఫోనొచ్చింది.
"స్వరూపగారేనా, మేడం?"
వారాసిగూడ గల్లీల నన్ను మేడం అన్నోళ్లు లేరు,
అందుకే "అవునండీ" అన్న.
పదకొండు వేల రెండొందల నలభై అన్నడు.
ఆలస్యానికి రోజుకింత అన్నడు.
మీ ఫోన్ల ఉన్న నంబర్లన్నీ మాకాడ ఉన్నయన్నడు.
మెత్తటి మాట,
కత్తెరకు నూనె రాసినట్టు.

నా పాన్ కార్డు, నా ఆధార్, నా మొఖం.
మొఖం గూడనా?
"ఓసారి ఫోను సూడు, కండ్లార్పు అన్న గదమ్మా"
అన్నడు గోడకు చెప్తున్నట్టు.
ఆర్పిన. నవ్వుకుంటనే ఆర్పిన.

ఏం కొన్నవురా?
బూట్లు. తెల్లయి. మూడు వేల నాలుగొందలు.
బురద తగలనియ్యలే ఇంకా,
దోస్తు అద్నాన్ ఇంట్ల మంచం కింద దాచిండు.
ఆటల తుపాకికి రంగు,
లేని తుపాకికి లేని రంగు, ఎనిమిదొందలు.
తొలిచౌకిల మండీ, ఏడుగురు, పుట్టినరోజుకు.
"ఎవరి పుట్టినరోజు?"
"నాదే."
ఆ రోజు నేను సేమ్యా పాయసం వండిన.
ఒక్క గంటెడు తిని కడుపు నిండిందన్నడు.

వాళ్ల నాయిన నీళ్ల ట్యాంకరు దిగొచ్చేసరికి రాత్రి పదకొండు.
చెప్తే బెల్టు.
చెప్పకుంటే నేను గూడ ఈ అప్పుల భాగస్తురాల్ని.

ముందుగాల లెక్క రాద్దామని
కొలతల పుస్తకం తెరిచిన.
జమీలా ఆపా, నడుము ముప్పై నాలుగు, చెయ్యి తొమ్మిదిన్నర.
కనకరత్నం టీచర్, బాకీ రెండొందల యాభై.
ఆ రెండు పేజీల నడుమ నుంచి
పచ్చ కాయితం జారి పడ్డది.
వాడే తీసిండు. వాడే చదివిండు.
జనరల్ బజార్, సేటు సంతకం,
కమ్మలు ఒక జత, నాలుగు గ్రాములు,
పోయిన ఆషాఢం తారీఖు.
వాని ఇంటర్ ఫీజు కట్టిన వారం.

నా చెవులకున్నయి రోల్డ్‌గోల్డువని
ఈ ఇంట్ల ఇప్పుడు ఇద్దరికి తెలుసు.

పై ఇంటోళ్ల మోటరు ఆగింది.
తిట్టనీకె తెరిచిన నోరు
తెరిచినట్టే ఉన్నది నాకు.

కొత్త పేజీ తీసి పేరు రాసిన: వినీల్.
"కంపెనీకి నేను కడ్త, చిట్టీ ఎత్తి.
నువ్వు నాకు కట్టు.
జాకెట్టుకు ఆరు హుక్కులు, పది రూపాయలు."
రోజుకు నాలుగు జాకెట్లైతే
రెండొందల ఎనభై ఒక్క రోజు, అన్నడు వాడే.
లెక్కల మంచోడు, ఎప్పటికీ.
"మిత్తి?"
"బూట్లు ఇంటికి తే. మా ముంగట తొడుగు."

మొదటి రాత్రే సూది రెండుసార్లు గుచ్చుకున్నది.
మూడో హుక్కు వంకరని టీచర్ జాకెట్టు తిప్పి పంపింది.
విప్పి మళ్ల కుట్టిండు, పండ్లు కొరుక్కుంట.
"ఇదేం పనిరా?" అన్నడు వాళ్ల నాయిన చెప్పులు విడుస్త.
"అమ్మకు సాయం."
నేను తల ఎత్తలే.
అబద్ధం కాదది.
నిజం గూడ ఎంతని చెప్పను?
తలుపు కాడ రెండు జతలు,
అరిగిన చెప్పులు, తెల్ల బూట్లు.
ఆయన ఆ దిక్కు చూసిండు. అడగలే. ఇంక అడుగుతడు.

నిన్న మళ్ల ఆరంకెలొచ్చినయి.
కరెంటు బిల్లుకట. "చదువమ్మా" అన్నడు.
చేతులు కడుక్కున్న. కొంగుకు తుడుచుకున్న.
అద్దాలు పెట్టుకొని
మెసేజు మొదటి అక్షరం కాడి నుంచి
ఇంగ్లీషు కూడబలుక్కుంట చదవబట్టిన.
నడుమ ఒక మాట కాడ ఆగితే
వాడు చెప్పబోయి ఊకున్నడు,
పెదవుల నడుమ దారం కొస పట్టుకొని.