అంచు

ఆటోనగర్, రోహిణి కార్తె,
రెండింటికి కరెంటు పోయింది.
లాప్‌టాప్‌లో చార్జింగు పదకొండు.
తెర మీద మూడేళ్ళుగా చూస్తున్న బొమ్మే:
పైన బరువు, కింద తేలిక,
నడుమ ఒక గీత.

గీత ఎంతోసేపు గీతగా ఉండదు.
వెంట్రుకవాసి వంకర దొరికితే చాలు,
బరువు వేళ్ళు చాచి దిగుతుంది,
వేళ్ళ కొసన గొడుగులు విచ్చుకుంటాయి,
గొడుగు అంచుకి మళ్ళీ పిల్లవేళ్ళు.

ప్రయోగం జరిగేది ఇక్కడ కాదు.
ఎక్కడో మిరియపు గింజంత గుళిక మీద
లేజర్లన్నీ ఒక్కసారి విరుచుకుపడతాయి.
సెకనుని వందకోట్ల ముక్కలు చేస్తే
అందులో ఏ ఇరవై ముక్కల్లోనో అంతా అయిపోతుంది.
నా దాకా వచ్చేది అంకెలే.
పేలిన నక్షత్రం చుట్టూ కూడా ఇంతేనట.
నేనింకా ఆ 'ట' దాటలేదు.

"ఏంటమ్మా అది, తేనెపట్టా?"
లారీ బాడీ కిందనుంచి జాన్‌సైదా మామ,
నల్లద్దం నుదుటి మీదికి తోసుకుని.

"వేడిని లెక్కలోకి తీసుకోకపోతే ఇలా, మామా.
అదే బరువు, అదే సమయం,
కాంతి తెచ్చే వేడిని కూడా కలిపితే, ఇదిగో, ఇలా."
రెండో బొమ్మలో వేళ్ళు పొట్టి.
కొసలు నున్నగా.
గొడుగుల్లేవు.

ఎందుకో చెబుదామని పెన్ను తీశాను.
ఆయన అప్పుడే కోసిన ఇనప రేకు తీశాడు.
అంచంతా రంపప్పళ్ళు.
మంట ఒకసారి అలా పోనిచ్చి,
"సన్నవి ముందు కరుగుతాయి గదా.
ఈ లావుది చూడు, దీనికి చాలదు.
దీనికి గ్రైండరే."

నా మూడో అధ్యాయం మొత్తం ఆ మాటే.
నలభైరెండు సమీకరణాలు పట్టాయి నాకు.

ఆయన ముంజేతి మీద
రవ్వలు పడ్డచోట వెంట్రుకల్లేవు,
చర్మం మెరుస్తోంది.
ఎన్నేళ్ళుగా మామా, అని అడగబోయి
"మంచినీళ్ళున్నాయా" అన్నాను.

బయట తారురోడ్డు మీద గాలి వణుకుతోంది.
కింద కాలిన తేలికగాలి, పైన బరువుగాలి.
దాన్ని ఎవరూ లెక్క కట్టడం లేదు.
టీ గ్లాసుల కుర్రాడు దాని మధ్యలోంచి నడిచి వచ్చాడు,
మోకాళ్ళ దాకా కరిగిపోయి,
దగ్గరికొచ్చేసరికి మళ్ళీ కాళ్ళతో.

కరెంటొచ్చింది.
కంప్రెసర్లన్నీ ఒక్కసారే దగ్గాయి.
"ఇటు చూడకమ్మా" అని మామ కిందికి దూరాడు.
గోడంతా నీలం.

నేను తెరవైపు తిరిగాను.
సన్నవన్నీ పోయాయి.
లావు వేలు ఒక్కటి
దిగుతూనే ఉంది.