గీతకు దిగువన ఒక చుక్క

పోరి పట్నంలో నది పైన గడ్డకట్టి
కింద నడుస్తూనే ఉండేది ఆ జనవరిలో.
నేను రీడింగులు రాసే కుర్రవాణ్ణి.
ఇర్మెలి రాగి గొట్టాన్ని దీపం వైపు ఎత్తి
ఒంటికన్నుతో లోపలికి చూసేది.

చిటికెన వేలు దూరని ఆ సొరంగంలో
అరవై గట్లు, రెండు వెంట్రుకలంత ఎత్తున
మెలి తిరుగుతూ పోతాయి.
నున్నటి గొట్టంలో నీళ్ళు
నడిదారి పట్టి గోడను పలకరించకుండా వెళ్ళిపోతాయి.
ఇక్కడ కుదరదు.
ప్రతి గట్టూ భుజం పట్టి తిప్పుతుంది,
గోడ దగ్గరి వేడిని మూటగట్టి చేతికిస్తుంది.
ఊరికే కాదు,
అడుగడుక్కీ సుంకం.
అది కట్టేది ఆ చివర మూలిగే పంపు.

ఎంత వేడి, ఎంత సుంకం
కొలవకముందే చెప్పడం ఆమె పని.
గట్టు ఎత్తు, మెలిక కోణం, నీటి వేగం,
ఎందుకు అంతేనో ఎవరూ అడగని
సున్నా పాయింట్ ఎనిమిదులూ నాలుగులూ
అన్నీ ఒక సమీకరణంలో ఒదిగాయి.
గ్రాఫు కాగితం మీద ఏటవాలు గీత,
దానికి అటూ ఇటూ ఇరవై శాతం గట్టు.
నలభై ఏడు చుక్కలు బుద్ధిగా మధ్యలో కూర్చున్నాయి.

కొత్త గొట్టం చుక్క మాత్రం
గీతకు బాగా దిగువన, ఒంటరిగా.
వేడి తక్కువ. ఒత్తిడి నష్టమూ తక్కువే.
మూడు రాత్రులు మళ్ళీ కొలిచాం.
థర్మోకపుల్స్ మార్చాం.
నా అంకెలు నేనే సరిగ్గా రాశానా అని
నన్ను నేను అనుమానించుకున్నాను.

నాలుగో పొద్దున తౌనో వచ్చాడు,
గొట్టాలు లాగే షెడ్డు నుంచి, టోపీ మీద మంచుతో.
నిలువునా కోసిన ముక్క మీద
బొటనవేలు ఆనించాడు.
గోరుతో గీకి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.
"పనిముట్టు అరిగింది. గట్టు కొస మొద్దుబారింది.
సోమవారం నుంచీ తెలుస్తూనే ఉంది."
"ఎవరికైనా చెప్పావా?"
"ఎవరూ అడగలేదు."

సూక్ష్మదర్శిని కింద పెట్టి కొలిస్తే నిజమే.
అసలు ఎత్తు వేసి లెక్క మళ్ళీ కట్టింది.
చుక్క పక్కకు జరిగింది గీత వైపు,
ఒక కాలు ఇంకా పట్టీ బయటే.
రబ్బరు తీసుకుంటుందేమో అనుకున్నాను.
తీసుకోలేదు.

నా పట్టికలో వేగానికీ ఉష్ణోగ్రతకీ పక్కన
స్కేలు పెట్టి ఇంకో నిలువు గడి గీసింది.
పైన రాసింది: తౌనో వేలు.
అతను కాఫీ తాగుతూ అది చూసి
కప్పు కింద పెట్టి
చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.