పగులు కొలిచే పలక

లాపర్సమ్ దాటాక, చెట్లకన్నా గాలి ఎక్కువున్న ఊళ్లో
హర్మానుస్ వంటింటి గోడకి
వేలెడంత గాజుపలక అతికించి ఉంది.
దాని మీద ఎర్రటి గళ్ళు, మిల్లీమీటర్ల లెక్క.
పగులు ఎంత దూరం నడిచిందో అది చెబుతుంది.

ఆదివారం చర్చినుంచి రాగానే
కోటైనా విప్పకుండా, కళ్ళజోడు నుదుటిమీదికి తోసి
ముక్కు గోడకి ఆనేంత దగ్గరగా చూస్తాడు.
నోటుపుస్తకంలో రాస్తాడు.
పద్దెనిమిదేళ్ళ ఆదివారాలు.
ఈలోగా ఆవుల్ని అమ్మేశాడు, ట్రియెన్‌చె పోయింది,
దొడ్డివైపు గోడకి దుంగలు పోటీ పెట్టారు.
ఆ ఇంట్లో ఏటేటా పెరిగింది పగులొక్కటే.

నేలకింద వాయువుండేది.
దేశమంతా దాంతోనే చలి కాచుకుంది,
రోడ్లు వేసుకుంది, పింఛన్లు పంచుకుంది,
పటం మీద తనకన్నా పెద్దవాళ్ళతో సమానంగా కూర్చుంది.
తోడినకొద్దీ నేల కుంగింది.
రాజధానిలో గీత పైకి, ఇక్కడ గడప కిందికి.
వృద్ధికీ వృద్ధుడికీ ధాతువొకటేనని
తెలిసిన భాష కాదు ఆ ఇంట్లోది.
అయినా హర్మానుస్‌కి తెలుసు.

కూతురు ఆఫ్కె నగరంలో
అంతర్జాతీయ సంబంధాలు చెబుతుంది.
ఎవరి బలం ఎంత, ఎవరికి ఎవరంటే భయం,
ఏ ఒప్పందం ఎందుకు చిరిగింది.
ఈ లెక్కలన్నిటి అడుగునా
ఒక మాట చెప్పకుండానే ఒప్పేసుకున్నారని,
అందరూ ఎప్పటికీ పెరుగుతూనే ఉంటారన్న మాట అదని,
ఒక వ్యాసం రాసింది.

వ్యాసం తిరిగొచ్చింది.
సమీక్షకుడికి పేరు లేదు, మర్యాద ఉంది:
"ఇక పెరగనని ఒట్టేసుకున్న రాజ్యం
పెరిగే పొరుగువాడి పక్కన ఎన్నాళ్ళు నిలబడుతుంది?
దీనికి జవాబు లేకపోతే
ఇది ప్రార్థన అవుతుంది గాని పరిశోధన కాదు."

రాత్రంతా జవాబు రాసింది. పొద్దున్నే కొట్టేసింది.
అతనన్నది పూర్తిగా తప్పని అనలేకపోయింది.
తూర్పున యుద్ధం మొదలైన శీతాకాలం
మంత్రులు మళ్ళీ బావులవైపు చూశారు:
కొంచెం తెరవొచ్చా, ఒక్క ఏడాదికి?
నాన్న ఆ వారం పుస్తకంలో అంకె వెయ్యలేదు.
"వింటున్నాను" అని రాశాడు.

తరగతిలో కసోంగో లేచాడు.
కొల్వేజీ నుంచి వచ్చినవాడు, కోటు ఇంకా అలవాటవనివాడు.
"మీది కడుపునిండిన బేరం మేడమ్.
విస్తరి ఎత్తేశాక ఉపవాసం గొప్పదంటున్నారు.
మీరు ఆగితే మంచిదే. ఆగండి.
మేమింకా మొదలే పెట్టలేదే!"
ఎవరో నవ్వబోయి మానుకున్నారు.
ఆమె చేతిలో సుద్దముక్క రెండైంది.

మూడో వారంలో అతన్ని ఇంటికి తీసుకెళ్ళింది.
వాదించడానికి కాదు. సెనగపిండి రంగు చారు,
రొట్టె, చలికి బిగుసుకున్న వెన్న.
అప్పటికి బావులకి సిమెంటు పోసి మూసేశారు.
నేల మాత్రం ఇంకా ఒళ్ళు సర్దుకుంటూనే ఉంది.
పొయ్యి వెలుగుతోంది.
ఆ వాయువు ఇప్పుడు ఓడలో వస్తుంది,
ఎవరి గడప కింద నుంచో బిల్లులో రాయరు.

కసోంగో గోడ దగ్గర నిలబడ్డాడు.
పగుల్లో చిటికెనవేలు పెట్టి తీశాడు.
"మా వీధిలో ఇళ్ళకింద సొరంగాలు," అన్నాడు.
"మీ కార్ల బ్యాటరీల కోసం
మంచం జరిపి, పడగ్గదిలోనే తవ్వుతారు.
మా మేనత్త ఇల్లు మధ్యాహ్నంపూట దిగిపోయింది.
ఎంత దిగిందో ఎవరూ కొలవలేదు."

ఆఫ్కె అనువదించింది. ఒక మాట దగ్గర ఆగి,
మళ్ళీ మొదట్నుంచి అనువదించింది.
ముసలాయన ఏమీ అనలేదు.
సొరుగు లాగి, రబ్బరుబ్యాండ్లూ తాళంచెవులూ పక్కకి నెట్టి
ఇంకా వాడని పలక ఒకటి వెతికి తీశాడు.
చొక్కా అంచుతో తుడిచి
కుర్రవాడి అరచేతిలో పెట్టాడు.

"దేంతో అతికించాలి?" అని అడిగాడు కసోంగో.
ఆ రాత్రి వాళ్ళు ముగ్గురూ
చాలాసేపు జిగురు గురించి మాట్లాడుకున్నారు.